నలభై ఏడు పాయింట్ నాలుగు

పెంచలయ్య చచ్చిపోయి మూడు గంటలు కాకముందే అతని మీద దొంగతనం పడింది.

కరుణశ్రీ ఆత్మకూరులో కొట్టు మూసి, బస్సు పట్టుకుని, ఉదయగిరి దాటాక బండపాళెం మలుపులో దిగేసరికి మధ్యాహ్నం మూడయింది. శవాన్ని అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. చర్చి ముందున్న స్తంభం కింద ఒక రబ్బరు చెప్పు, ఎర్రటి పిడుల కటింగ్ ప్లేయరు మిగిలాయి. వాటి చుట్టూ ఎవరో రాళ్లు పేర్చారు. స్తంభం పైన తెగిన వైరు కొస గాలికి ఊగుతోంది. ముందురోజు సాయంత్రం గాలివానకు సగం తెగి వేలాడి, ఆ గురువారం పొద్దున లైను ఆపాక పూర్తిగా తెగిపోయింది అదే. దాన్ని కలపడానికే పెంచలయ్య ఎక్కాడు.

"కలపడానికి ఎక్కలేదంట," అంది వరదమ్మ. చర్చి ఊడ్చే మనిషి. చీపురు చంకలో పెట్టుకుని నిలబడింది. "మాల్యాద్రి రాసిచ్చినాడంట. లైను మీద కొక్కెం తగిలించి కరెంటు దొంగతనం చేయబోయినాడని."

"ఎవరింటికి దొంగిలిస్తాడు? ఊళ్లో ఎవరికి వైరు తెగినా వాడే కదా వచ్చేది!"

"అదే నేనూ అన్నా. నోరు మూసుకోమన్నారు."

పదేళ్లుగా ఈ ఊళ్లో స్తంభాలెక్కింది పెంచలయ్యే. లైన్‌మన్ మాల్యాద్రి ఫోన్ చేస్తాడు, "లైను ఆపించినాను, ఎక్కు" అంటాడు, పెంచలయ్య ఎక్కుతాడు. మాల్యాద్రి కింద నిలబడితే నిలబడతాడు, లేదంటే ఉదయగిరిలో టీ తాగుతుంటాడు. కరెంటాఫీసు కాగితాల్లో పెంచలయ్య పేరు ఎక్కడా లేదు. కాగితంలో లేని మనిషి స్తంభం మీద చచ్చిపోతే, అతను అక్కడెందుకున్నాడో చెప్పడానికి ఏదో ఒక కథ కావాలి. మాల్యాద్రి కథ సిద్ధంగానే ఉంది. పొద్దున ఎనిమిది దాటాక లైను ఆపిన మాట నిజమే. పది యాభైకి పరీక్ష కోసం, తెగకుండా మిగిలిన వైర్లలో ఒక ఫేజు వదిలారు. చర్చిలో లైటు వెలగడం నలుగురూ చూశారు. లైనులో కరెంటుందని తెలిసే పెంచలయ్య కొక్కెం పట్టుకుని ఎక్కాడు.

చర్చిలో లైటు వెలిగిన మాట నిజం. వరదమ్మ కూడా చూసింది. ఊరంతా చీకటిగా ఉండి ఒక్క వరసకే కరెంటు రావడం బండపాళేనికి కొత్తేమీ కాదు.

కరుణశ్రీ తలెత్తి స్తంభం నుంచి వైర్లు పోయే వైపు చూసింది. తెగిన చోటికి అవతల మిగిలింది లైను తోక. ఆ తోకకు మూడే కనెక్షన్లు: చర్చి, దాన్ని ఆనుకుని ఆమె నాన్న ప్రేమానందం ఇల్లు, చివర సురేంద్రబాబు పాలకేంద్రం. పాలకేంద్రంలో జనరేటర్ ఇంకా మోగుతూనే ఉంది. ఆ హోరు పొద్దుటినుంచీ ఆగలేదని వరదమ్మ చెప్పింది.

లైను ఆపినా చచ్చిపోయాడంటే, కరెంటు వెనకనుంచి వచ్చి ఉండాలి. ఎవరి జనరేటరో లైనులోకి తన్ని ఉండాలి.

ఆ తోకలో ఒక సాక్షి ఉందని ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది.

*

ఆ సాక్షి ప్రేమానందం ఇంట్లో, ఫ్రిజ్ పక్కన, నీలం మూత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో కూర్చుని ఉంది.

లో వోల్టేజీకి ఆ ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు కాలిపోయాయి. ఫిర్యాదు చేస్తే ఆఫీసువాళ్లు, "మా లైను బానే ఉండాది, మీ వైరింగే బాలేదు" అన్నారు. కరుణశ్రీకి ఒళ్లు మండింది. డిప్లొమా చదివి, ఆత్మకూరు బస్టాండు వెనక స్టెబిలైజర్లు, మోటారు స్టార్టర్లు బాగుచేసుకునే మనిషి. ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, వోల్టేజీని చిన్నది చేసి చూపించే ఒక సెన్సరు, గడియారం చిప్పు, మెమరీ కార్డు, కరెంటు పోయినా ఆగకుండా ఒక బ్యాటరీ - అన్నీ ఆ డబ్బాలో బిగించి గోడ సాకెట్‌కు గుచ్చింది. నెల రోజుల కరెంటు రాసి వాళ్ల ముఖాన కొడదామనుకుంది.

శుక్రవారం పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి కార్డు పెట్టింది.

"టీ చల్లారిపోతా ఉండాదమ్మా," అన్నాడు ప్రేమానందం. రిటైరైన హెడ్మాస్టరు. చర్చికి సంఘపెద్ద. ఊళ్లో అందరికీ అయ్యోరు. రాత్రి అతను అన్నం ముందు కూర్చుని లేచిపోవడం ఆమె చూసింది. అతని భుజం మీది తువాలు పెట్రోలు వాసన కొడుతోంది. స్కూటర్‌లో పోసుకుని ఉంటాడనుకుంది.

"నాయనా, ఒక్క నిమిషం."

"ఏముంది దాంట్లో?"

"గురువారం ఉంది."

అతను వాకిట్లోకి వెళ్లి, అప్పటికే తడిపిన మల్లెపాదుకు మళ్లీ నీళ్లు పోశాడు.

గడియారం అంకెలు, వాటి పక్కన వోల్టేజీ. ఎనిమిది ఇరవై రెండు దాకా రెండువందల పది. తర్వాత సున్నా. సున్నా, సున్నా, సున్నా. పేజీలకు పేజీలు సున్నాలు. లైను ఆపిన మాట అక్షరాలా నిజం.

పది యాభై రెండు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

రెండువందల ముప్ఫై ఒకటి.

ఒక నిమిషం తర్వాత హఠాత్తుగా నూట అరవైకి పడి, రెండు సెకన్లలో రెండువందల నాలుగుకు లేచి, అక్కడే నిలబడిపోయింది. పదకొండు ముప్ఫైనాలుగు దాకా. మళ్లీ సున్నా.

అంటే మాల్యాద్రి చెప్పింది నిజమా? లైనులో కరెంటు ఉంది. పది యాభైకి వదిలామన్నాడు, పది యాభై రెండుకు వచ్చింది. ఈ అంకెలు ఎవరి చేతిలో పెట్టినా పెంచలయ్య దొంగే అవుతాడు.

కానీ ఆ డబ్బా రాసేది వోల్టేజీ ఒక్కటే కాదు.

కరెంటు ఒకే తీరున నిలబడి ఉండేది కాదు. పైకి లేచి, కిందికి దిగి, సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. సైన్ వేవ్. బోర్డుకు సున్నా కింద ఏముందో కనిపించదు. అందుకే ఆ అల మొత్తాన్ని పైకెత్తి, మధ్యగీతను రెండున్నర వోల్టుల మీద కూర్చోబెట్టింది ఆమె. సెకనుకు రెండువేల సార్లు దాన్ని చూడమంది. అల మధ్యగీతను ఎన్నిసార్లు దాటిందో లెక్కపెడితే ఎంత వేగంగా ఊగుతోందో తెలుస్తుంది. వోల్టేజీ హఠాత్తుగా మారిన ప్రతిసారీ ఆ అల రూపాన్ని కూడా ఫోటో తీసినట్టు దాచిపెట్టమంది.

దేశంలో ఎక్కడ ప్లగ్గు గుచ్చినా ఆ ఊగడం యాభైయే. నలభైతొమ్మిది పాయింట్ తొమ్మిది కావచ్చు, యాభై పాయింట్ ఒకటి కావచ్చు. అంతకు మించి చెడదు. ఉదయగిరిలో ఎంతో ఢిల్లీలో అంతే.

ఆమె పక్క గడి తెరిచింది.

నలభై ఏడు పాయింట్ నాలుగు.

నలభై రెండు నిమిషాలు అంతే. అల రూపం చూసింది. పైన గుండ్రంగా ఉండాల్సిన చోట అరిగినట్టు చదునుగా ఉంది. దిగే దారిలో పంటితో కొరికినట్టు ఒక గాటు. ప్రతి అలలోనూ అదే చోట, అదే గాటు.

ఇది లైను మీంచి వచ్చిన కరెంటు కాదు. జనరేటర్. బరువు మోయలేక ఆయాసపడుతున్న జనరేటర్.

పదకొండున్నర దాటాక అరుపు విన్నామని అందరూ అన్నారు. ఆ నిమిషాల్ని ఆమె ఒక్కొక్క సెకనూ వెతికింది. పెంచలయ్య చెయ్యి ఆ వైరును తాకిన క్షణం కోసం. రెండువందల నాలుగు. రెండువందల నాలుగు. రెండువందల నాలుగు. ఎక్కడా ఏమీ కదల్లేదు. ఒక మనిషి ప్రాణం పోవడానికి ఆ అంకె పక్కకు కూడా జరగాల్సిన అవసరం రాలేదు.

*

మధ్యాహ్నం మాల్యాద్రి వచ్చాడు. మోటార్‌సైకిల్ దిగలేదు. ఒక కాలు అరుగు మీద ఆనించి, ఇంజను ఆపకుండానే మాట్లాడాడు.

"ఏందో డబ్బా పెట్టినావంట కదా కరుణమ్మా ఇంట్లో. కరెంటు కొలిచేదంట."

ఎవరు చెప్పారో ఆమె అడగలేదు.

"లో వోల్టేజీ కోసం పెట్టినాను."

"పర్మిషన్ లేకుండా మీటరు పెట్టకూడదు. ఇట్లా ఇయ్యి, ఆఫీసులో చూపించి తెస్తాను."

"సాకెట్‌కు గుచ్చినాను మాల్యాద్రన్నా, ఫ్యాను గుచ్చినట్టు. ఫ్యానుకు కూడా మీ పర్మిషన్ కావాల్నా?"

అతను నవ్వాడు. నవ్వు అయిపోయాక కూడా పళ్లు అలాగే కనిపించాయి.

"నాకింకా నాలుగేళ్ల సర్వీసు ఉండాది. ఇంట్లో ముసలమ్మ ఉండాది, బిడ్డలుండారు."

"పెంచలయ్యకు లేరా?"

"నేను ఎక్కమన్లేదు."

"ఫోన్ చేసినావా లేదా?"

"వాడి ఫోను కాలిపోయినాది." ఎంత తొందరగా అన్నాడంటే, అన్నాక తానే ఉలిక్కిపడ్డాడు. బండి గేరు వేశాడు. "సాయంత్రానికి లైను ఇస్తాం. సోమవారం ఆత్మకూరులో విచారణ. అక్కడికొచ్చి లేనిపోనివి చెప్పబాక. నువ్వు కొట్టు నడుపుకునే దానివి. దానికీ కనెక్షన్ ఉండాదిగా?"

బండి పోయాక వెనక్కి తిరిగితే గుమ్మంలో ప్రేమానందం నిలబడి ఉన్నాడు.

"వాడు చెప్పిందే మంచిది," అన్నాడు. "ఆ డబ్బా తీసుకోని పొద్దున్నే వెళ్లిపో. ఆత్మకూరులోనే ఉండు. ఆదివారం గుడికి కూడా రావద్దులే."

ఆదివారం చర్చిలో ఆరుగురికి బాప్తిస్మం ఉంది. ఆ రోజు కూతుర్ని రావద్దని అతను ఎప్పుడూ అనలేదు.

"భయపడుతుండావా నాయనా?"

"అవునమ్మా," అన్నాడు.

సాయంత్రం ఐదున్నరకు ఊరంతటికీ కరెంటు వచ్చింది. పెంచలయ్య శవం కూడా అప్పుడే వచ్చింది. లైట్లు వెలిగాయని ఎవరూ కేకలు వేయలేదు. కరుణశ్రీ వెళ్లి పెంచలయ్య భార్య రమణి పక్కన కూర్చుంది. ఆమె ఏడవడం ఎప్పుడో అయిపోయింది. అతని అరచేతిని తన ఒళ్లో పెట్టుకుని, కాలిన చోట తగలకుండా చుట్టూ నిమురుతోంది.

"అక్కా," అంది. "బయట ఎవరో 'కరెంటు దొంగ ఇల్లు ఇదేనా' అని అడిగినారు. దోవ చెప్పేదానికి అడిగినారు. తిట్టేదానికి కూడా కాదు. అదే పేరైపోయినాది."

"కాదని నేను తేలుస్తాను రమణీ."

"తేలుస్తావా?" రమణి మొదటిసారి తలెత్తింది. "ఒట్టుగా?"

"ఒట్టు," అంది కరుణశ్రీ. అనకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

*

శనివారం పొద్దున సురేంద్రబాబే కబురు పంపాడు.

పాలకేంద్రం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండుసార్లు సర్పంచి చేసిన మనిషి. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఇద్దరు మనుషులు పాల క్యాన్లు కడుగుతున్నట్టు నటిస్తున్నారు.

"రా పాపా. ప్రేమానందం అయ్యోరి కూతురు గదూ నువ్వు. ఊరంతా చెవులు కొరుక్కుంటా ఉండారు, నా జనరేటరే పెంచలయ్యను చంపినాదని. నువ్వూ అదే అనుకుంటా ఉండావు. కాదని చెప్పు చూద్దాం."

ఆమె కాదని చెప్పలేదు.

"అబద్ధం రాదులే నీకు. మీ నాయన బెత్తం అట్లాంటిది." లేచాడు. "పెట్టు నీ డబ్బా. చూద్దాం, అది ఎవర్ని పట్టిస్తాదో."

షెడ్డులో గోడకు తలుపంత ఇనుప పెట్టె, దానికొక లివరు. పైకెత్తితే లైను, కిందికి దించితే జనరేటర్. రెండూ కలిసే దారి లేదు. సురేంద్రబాబు లివరు తానే కిందికి దించి, జనరేటర్ వేయించాడు. నేల అదిరింది. కరుణశ్రీ డబ్బాను సాకెట్‌కు గుచ్చి, లాప్‌టాప్ మీద అల గీయడం మొదలయ్యాక అంకె చూసింది.

యాభై పాయింట్ రెండు. పాలు చల్లబరిచే మిషన్ వేయించింది. యాభై. అల పైన నున్నగా, గుండ్రంగా ఉంది. గాటు లేదు.

మూడుసార్లు చూసింది. ఇనుప పెట్టె తెరిపించి వైర్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. ఈ షెడ్డులోంచి లైను మీదికి ఒక్క వోల్టు కూడా పోయే సందు లేదు.

"చాలా బాగా బిగించినారు," అంది చివరికి.

"పెంచలయ్యే బిగించినాడు. నాలుగేళ్లయినాది." సురేంద్రబాబు జనరేటర్ ఆపించాడు. ఆ నిశ్శబ్దంలో అతని మాట పెద్దగా వినబడింది. "ఇది లేకుండా జనరేటర్ వేస్తే నేను చస్తానయ్యా, స్తంభం మీద ఉండేది నేనేగా, అని నవ్వినాడు. చర్చిక్కూడా ఒకటి పెట్టిస్తానని మీ నాయనను అడిగినాడంట. వచ్చే ఏడు చూద్దాం లేరా అన్నాడంట ఆయన."

కరుణశ్రీ వైరు చుట్టుకుంటూ ఆగిపోయింది.

"చర్చి జనరేటర్ ఆదివారం మైకుకు తప్ప వేయరు."

"నేనేమన్నా అంటినా?" సురేంద్రబాబు చొక్కా మడతలు సరిచేసుకున్నాడు. "నాది కాదని ఇక్కడ చూసినావు. సోమవారం అక్కడా అదే చెప్పు. ఇంకో మాట చెప్పినావంటే..."

మిగతాది చెప్పకుండా క్యాన్లు కడిగే మనుషుల వైపు చూశాడు. వాళ్లు కడగడం ఆపారు.

*

చర్చిలో వరదమ్మ బెంచీలు తుడుస్తోంది. వేదిక వెనక, నాలుగు మెట్లు దిగితే, బాప్తిస్మం తొట్టి. మనిషి నడుము లోతు సిమెంటు తొట్టి. ఇద్దరు దిగి నిలబడొచ్చు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి, అడుగున బల్లిపిల్లలతో ఉంటుంది. ఇప్పుడు అంచు దాకా నీళ్లున్నాయి. కదలకుండా, పై కప్పు పట్టీలు లెక్కపెట్టుకోగలిగేంత తేటగా.

"ఎప్పుడు నింపినారు వరదమ్మా?"

"గురువారమే. కరెంటు లేదు, ఆదివారానికి వస్తాదో రాదో అని అయ్యోరే పాపం జనరేటర్ వేసి, బోరు మోటారు పెట్టి నింపినాడు. నేను లైటు ఆర్పబోతే ఉండనీ అన్నాడు, మెట్ల కాడ చీకటిగా ఉండాదని. దేంతో వెలిగిందని నన్నెవరూ అడగలా." ఆ తర్వాత ఆమె చెయ్యి బెంచీ మీదే నిలిచిపోయింది. "ఏమ్మా? ఎందుకట్లా అయిపోయినావు?"

పది యాభై రెండుకు జనరేటర్. ఒక నిమిషం తర్వాత నూట అరవైకి పడి లేచింది - మోటారు తిరగడం మొదలుపెట్టినప్పుడు. నలభై రెండు నిమిషాలు.

"కాళ్లు కడుక్కోని ఇంటికి పో వరదమ్మా. నేను తాళం వేసుకుంటాను."

పక్క గదిలో, మైకు సెట్టు కింద, పాత పెట్రోలు జనరేటర్. దాని మీద చుట్టి పెట్టిన వైరును కరుణశ్రీ చేతిలోకి తీసుకుంది. ఆ వైరుకు రెండు కొసలా పిన్నులు బయటికున్న మగ ప్లగ్గులే. ఒకటి జనరేటర్‌కు, రెండోది గోడ సాకెట్‌కు గుచ్చితే చర్చి మొత్తం వెలుగుతుంది. మీటరు పక్కన మెయిన్ స్విచ్చి ఆపి గుచ్చాలి. ఆపకపోతే కరెంటు మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా లైనెక్కుతుంది.

ఆపడం మర్చిపోతే ఇన్నేళ్లూ జనరేటరే గుర్తుచేసేది. ఊళ్లో ఇళ్లన్నిటి బరువూ మీద పడి గురగురలాడి ఆగిపోయేది. "అరెరే, మెయిన్ ఆపలేదురా" అని నవ్వుకుని ఆపేవాళ్లు. ఏ క్రిస్మస్‌కైనా ఒకసారి జరిగేదే. చర్చి పెద్దలందరికీ అలవాటైన హెచ్చరిక అది. గురువారం ఆ హెచ్చరిక రాలేదు. చర్చికి వచ్చే వైరే స్తంభం దగ్గర తెగి ఉంది. తోకలో పాలకేంద్రం తన లివరు దించుకుని పక్కకు తప్పుకుంది. మిగిలింది ప్రేమానందం ఇంట్లో ఒక ఫ్రిజ్. ఆ కాస్త బరువు జనరేటర్‌కు లెక్క కాలేదు. ఆగకుండా తిరిగింది.

ఇంకా తెలియాల్సింది ఏమీ లేదు. అయినా కొలవకుండా నమ్మడం ఆమెకు చేతకాదు. మెయిన్ ఆపింది. రెండుసార్లు చూసుకుంది. వైరు గుచ్చి, జనరేటర్ తాడు లాగి, మోటారు వేసింది. నిండిన తొట్టిలోకి నీళ్లు ధారగా పడి అంచు మీద పొర్లాయి.

డబ్బా మీది చిన్న తెరలో అంకెలు కాసేపు తడబడి నిలిచాయి.

47.4.

చదునైన పై అంచు. దిగే దారిలో గాటు.

జనరేటర్ ఆపి, వైరు లాగి, కిటికీ వెలుగులో పట్టుకుంది. ప్లగ్గు దగ్గర ఎర్ర టేపు చుట్టి ఉంది. దాని మీద ఏదో రాసి, చేతుల రాపిడికి చెరిగిపోయిన గుర్తులు. 'మెయిన్' అన్న మాటలో మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది.

ఆ 'మె' ఎవరి రాతో ఆమెకు తెలుసు. డిప్లొమా రెండో ఏడు క్రిస్మస్ సెలవుల్లో, చర్చి చీకటైపోతే, ఈ వైరును పావుగంటలో తనే చేసిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. 'మెయిన్ ఆపి గుచ్చవలెను' అని టేపు మీద రాసి, మంచిపని చేశాననుకుంది.

వెనక అడుగుల చప్పుడైంది. ప్రేమానందం గుమ్మంలో నిలబడ్డాడు. వాకిట్లో ఇంకా వెలుతురుంది, గదిలో అతని ముఖం కనిపించలేదు.

"అరుపు విని బయటికి ఉరికినాను," అన్నాడు. ఎవరో అడిగినట్టు. "వాడు పైన వేలాడతా ఉండాడు. నా వెనక జనరేటర్ మోగతా ఉండాది. అప్పుడు తెలిసినాది. వెనక్కి వచ్చి ఆపేతలికి..."

"పదకొండు ముప్ఫైనాలుగు," అంది ఆమె.

"అంతా రాసుకున్నాదా అది?"

"అంతా."

"మరి నువ్వెందుకు పోలేదు? పొమ్మని చెప్పినాను కదా. మాల్యాద్రిని నేనే పంపినాను, వాడి బెదిరింపుకన్నా పోతావని." అతను వచ్చి ఆమె చేతిలోని వైరు కొస పట్టుకున్నాడు. "నాకు డెబ్బై రెండమ్మా. నా సంగతి వదిలెయ్. ఇది ఎవరు చేసినారని అడుగుతారు వాళ్లు. మొదట అడిగేది అదే."

ఆమె భయపడింది మాల్యాద్రిని చూసి, సురేంద్రబాబును చూసి. రెండు రోజులుగా తన చుట్టూ ఉచ్చు బిగిస్తున్నది మాత్రం నాన్న చెయ్యి.

"రమణికి ఒట్టేసినాను నాయనా."

"రేపు ఆరుగురికి బాప్తిస్మం. అది కానీ. తర్వాత ఆలోచిద్దాం."

"ఈ నీళ్లతోనా?"

అతను తొట్టి వైపు చూశాడు. పొర్లిన నీళ్లు మెట్ల మీద జారి వాళ్ల కాళ్ల దాకా వచ్చాయి. ఇద్దరూ వెనక్కి జరిగారు.

*

ఆదివారం తెల్లవారేసరికి ప్రేమానందం మంచం ఖాళీగా ఉంది. కరుణశ్రీ తల కింద పెట్టుకున్న సంచిలో కార్డుంది, లాప్‌టాప్ ఉంది. వైరు లేదు.

ముందు వాకిటి మూలకు చూసింది. స్కూటర్ అక్కడే ఉంది. చెప్పులు లేవు. చర్చి తలుపు తీసి ఉంది.

లోపలికి పరిగెత్తింది. తొట్టి ఖాళీగా ఉంది. అడుగున గుడ్డ మూత పీకేసి, చివరి నీళ్లు గుడగుడమంటూ రంధ్రంలోకి దిగుతున్నాయి. నాన్న బాప్తిస్మానికి వేసుకునే తెల్లబట్టలు మేకుకు అలాగే వేలాడుతున్నాయి.

చర్చి వెనక పాడుబడ్డ బావి ఉంది. గోడ వెంబడి అక్కడికి వెళ్లింది. వంగి చూసింది. ఆకాశం, తన తల. ఇంకేమీ లేదు. ఆ వైరుతోనే ఏదైనా చేసుకుంటే? దూలాలు చూసింది. చింతచెట్టు వైపు చూసింది.

"అయ్యోరా?" వీధిలోకి వచ్చి అడిగితే, క్యానుతో పోతున్న పాలమనిషి అన్నాడు. "పెంచలయ్య ఇంటికాడ కూసోని ఉండాడే. చీకటితోనే వచ్చినాడంట. పిలిస్తే పలకడంల్యా."

పెంచలయ్య ఇంటి ముందు, చావింటి బూడిద ఇంకా ఊడ్వని వాకిట్లో, ప్రేమానందం నేల మీద కూర్చుని ఉన్నాడు. ఊళ్లో అతను నేల మీద కూర్చోవడం ఎవరూ చూడలేదు. మోకాళ్ల మీద ఎర్ర టేపు వైరు. ఎదురుగా గడపలో రమణి. ఇద్దరి మధ్యా అప్పటికే మాటలు అయిపోయినట్టుంది. అతని కళ్లద్దాలు నేల మీద పడి ఉన్నాయి. ఎవరూ తీయలేదు.

కరుణశ్రీని చూసి రమణి లేవలేదు.

"అయ్యోరు చెప్పినాడు," అంది. "మోటారు ఏసినాడంట. మెయిన్ ఆపలేదంట. సోమవారం అక్కడికొచ్చి చెప్తాడంట." మాటలు ఒక్కొక్కటే కింద పెడుతున్నట్టు అంది. "నీ డబ్బాలో ఉండాదంట కదా అంతా. ఆయన దాంట్లో కనపడతాడా అక్కా?"

"కనపడడు."

"మరి ఏం కనపడతాది?"

కరుణశ్రీ ఆమె పక్కన కూర్చుంది. "ఎనిమిది ఇరవై నుంచి లైను చచ్చి ఉండాది. రెండున్నర గంటలు. తర్వాత వచ్చింది మాల్యాద్రి వదిలిన కరెంటు కాదు. మాల్యాద్రి కరెంటు యాభై ఊగుతాది, ఇది నలభై ఏడు పాయింట్ నాలుగు. దాన్ని ఎవరూ మార్చి రాయలేరు. పెంచలయ్య చచ్చిన లైనని నమ్మే ఎక్కినాడు. చచ్చిన లైనుకు కొక్కెం తగిలించేవాడు ఎవడూ ఉండడు."

"అంటే ఆయన దొంగ కాదు."

"కాదు."

వీధిలో నలుగురైదుగురు ఆగి చూస్తున్నారు. చర్చికి తెల్లచీరల్లో బయల్దేరిన వాళ్లు వాళ్ల వెనక ఆగారు. రమణి చెయ్యి చాచి ప్రేమానందం మోకాలి మీది వైరును అందుకుంది. రెండు కొసలూ చూసింది. పెంచలయ్య భార్య. ఏ ప్లగ్గు ఎటువైపు ఉండాలో ఆమెకు తెలుసు.

"రెండు దిక్కులా ఒకటే పెట్టినారే," అంది మెల్లగా. "ఇట్లాంటివి చూస్తే ఆయన తెంపి పారేసేవాడు. ఎవరు చేసినారు దీన్ని?"

"నేనే," అన్నాడు ప్రేమానందం వెంటనే. ఆ మాట కోసమే తెల్లవారుజాము నుంచి కూర్చున్నట్టు అన్నాడు. "చాలా ఏళ్లయినాది. నేనే చేసినానమ్మా."

రమణి అతని చేతుల వైపు చూసింది. సుద్దముక్క తప్ప వేరే పనిముట్టు ఎరగని చేతులు. తర్వాత కరుణశ్రీ చేతుల వైపు చూసింది. వేళ్ల కొసల మీద సోల్డరింగ్‌కు కాలిన చిన్న చిన్న మచ్చలున్నాయి.

కరుణశ్రీ సంచిలోంచి కార్డు తీసి, రమణి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"నాయనకు ప్లగ్గు బిగించడం రాదు రమణీ," అంది. "నేను చేసినాను."